బెజవాడ ఎండలకు తగిన గేమింగ్ ప్రాసెసర్: 14600కె, 7600ఎక్స్‌లలో దేన్ని ఎంచుకోవాలి, ఎలా ఎంచుకోవాలి

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో ఉంటూ ఓవర్‌క్లాకింగ్‌కు (కంపెనీ నిర్ణయించిన దానికంటే ఎక్కువ వేగంతో నడపడానికి) వీలున్న ప్రాసెసర్ కొనదలచినవారు ముందుగా తమ గదిలో థర్మామీటరు ఎంత చూపిస్తుందో రాసిపెట్టుకోవాలి. మే నెలాఖరున మధ్యాహ్నం రెండు గంటలకు, సత్యనారాయణపురంలో మేడ మీది గదిలో, ఏసీ వేయకుండా ఫ్యాను మాత్రమే తిరుగుతున్నప్పుడు నా బల్ల మీది థర్మామీటరు 37 డిగ్రీలు చూపించింది. మనం చదివే, చూసే ప్రాసెసర్ సమీక్షలు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండే గదుల్లో జరుగుతాయి. ఎంత ఖరీదైన కూలరైనా ప్రాసెసర్ వేడిని గదిలోని గాలిలోకి వదలగలదే తప్ప, ప్రాసెసర్‌ను ఆ గాలి కంటే చల్లగా ఉంచలేదు. కాబట్టి 22 డిగ్రీల గదిలో 75 డిగ్రీల దగ్గర నిలిచిన ప్రాసెసర్, అదే పని అదే కూలర్‌తో 37 డిగ్రీల గదిలో చేస్తే దాదాపు 90 డిగ్రీలకు చేరుతుంది. నీళ్లతో పనిచేసే కూలర్ పెట్టినా ఈ లెక్క మారదు, ఎందుకంటే ఆ నీటిని చల్లార్చేది కూడా ఈ గాలే.

ఈ విషయాన్ని ముందుంచుకొని, మధ్యస్థమైన ఖర్చుతో గేమింగ్ కంప్యూటర్ కట్టించుకునేవారి ముందుకు తరచుగా వచ్చే రెండు ప్రాసెసర్లను పోల్చి చూద్దాం. ఒకటి ఇంటెల్ కోర్ ఐ5-14600కె, రెండవది ఏఎండీ రైజెన్ 5 7600ఎక్స్.

రెండింటి స్వరూపం

2023 అక్టోబరులో వచ్చిన 14600కెలో వేగంగా పనిచేసే కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఆరు, పొదుపుగా పనిచేసేవి ఎనిమిది, వెరసి పద్నాలుగు కోర్లు, ఇరవై థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరసలు) ఉన్నాయి. వేగవంతమైన కోర్లు గరిష్ఠంగా 5.3 గిగాహెర్ట్జ్ వరకు వెళతాయి. మూల విద్యుత్ పరిమితి 125 వాట్లు, గరిష్ఠ పరిమితి 181 వాట్లు. అది ఎల్‌జీఏ1700 సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ అమరే గూటిలో) కూర్చుంటుంది. డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌లలో దేనితోనైనా పనిచేయగలదు. ఏది అన్నది మదర్‌బోర్డును బట్టి ఉంటుంది.

2022 సెప్టెంబరులో వచ్చిన 7600ఎక్స్‌లో ఒకే రకానికి చెందిన ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్నాయి. దీని గరిష్ఠ వేగం కూడా 5.3 గిగాహెర్ట్జే. ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) 32 ఎంబీ; 14600కెలో అది 24 ఎంబీ. పెట్టె మీద 105 వాట్లని రాసి ఉన్నా, సాకెట్ నుంచి 142 వాట్ల వరకు తీసుకునే అనుమతి దీనికి ఉంది. ఏఎం5 సాకెట్, డీడీఆర్5 మాత్రమే. ఈ రెండు ప్రాసెసర్ల పెట్టెల్లోనూ కూలర్ రాదు కనుక దాని ఖర్చును విడిగా లెక్కలో వేసుకోవాలి.

ఒక్క గేముల వరకే చూస్తే రెండింటి మధ్య తేడా స్వల్పం. చాలా గేముల్లో 14600కె కొద్దిగా ముందుంటుంది. అన్ని కోర్లనూ ఒకేసారి వాడే వీడియో ఎడిటింగ్, రెండరింగ్ వంటి పనుల్లో మాత్రం 14600కె దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా ఉంటుంది. అందుకు కారణం ఆ ఎనిమిది అదనపు కోర్లు.

ఓవర్‌క్లాకింగ్ వల్ల ఇప్పుడు ఎంత లాభం

ఓవర్‌క్లాకింగ్ గురించి మనలో చాలామందికి ఉన్న ఊహ పాత రోజులది. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చినప్పుడు, దాని బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చినంత మాత్రాన 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 450 వద్ద నడిచేది. అంటే కొన్న ధరకే ఒకటిన్నర రెట్ల వేగం. 2011 నాటి కోర్ ఐ7-2600కె కూడా మంచి కూలర్ ఉంటే 4.5 గిగాహెర్ట్జ్ దాకా సులువుగా వెళ్లేది. అప్పట్లో కంపెనీలు ప్రాసెసర్ సామర్థ్యంలో కొంత భాగాన్ని వాడకుండా వదిలిపెట్టేవి. ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పటికే ప్రాసెసర్‌ను దాని హద్దు దాకా తీసుకువెళ్లి పంపుతున్నారు. మనం చేతితో సాధించేది సాధారణంగా కొద్ది శాతం మాత్రమే.

ఆ కొద్ది శాతానికి ఎంత మూల్యమో లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. ప్రాసెసర్ ఖర్చు చేసే విద్యుత్తు వేగానికి అనులోమంగానూ, వోల్టేజీ వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది. 5.3 గిగాహెర్ట్జ్ నుంచి 5.5కు వెళ్లడానికి వోల్టేజీని 1.20 నుంచి 1.35కు పెంచవలసి వచ్చిందనుకుందాం. వేగం పెరిగింది 3.8 శాతం. వోల్టేజీ నిష్పత్తి 1.125, దాని వర్గం 1.266, దాన్ని 1.038తో గుణిస్తే 1.31 వస్తుంది. నాలుగు శాతం కూడా లేని వేగం కోసం 31 శాతం ఎక్కువ వేడిని మన గదిలోకి తెచ్చుకున్నామన్నమాట. ఈ లెక్కను తిరగేసి చూస్తే మనకు పనికొచ్చే మార్గం కనిపిస్తుంది: వేగాన్ని యథాతథంగా ఉంచి, వోల్టేజీని కొద్దిగా తగ్గించగలిగితే వేడి అంతకు మించి తగ్గుతుంది. వోల్టేజీ తగ్గించే ఈ పనిని అండర్‌వోల్టింగ్ అంటారు. కోస్తా జిల్లాల్లో ఉండేవారికి ఓవర్‌క్లాకింగ్ మెనూలో అన్నిటికంటే విలువైన అంశం ఇదేనని నా గట్టి నమ్మకం. ప్రాసెసర్‌ను ఎంచుకునేటప్పుడు కూడా "ఇది ఎంత పైకి వెళుతుంది" అని అడిగే ముందు "దీన్ని ఎంత సులువుగా చల్లబరచవచ్చు" అని అడగాలి.

ముందు మీ గేమును పరీక్షించండి

గేము నెమ్మదిగా నడవడానికి కారణం ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా అన్నది తేల్చుకోకుండా డబ్బు పెట్టకూడదు. ఇప్పుడున్న కంప్యూటర్‌లోనో, స్నేహితుడి కంప్యూటర్‌లోనో గేము ఆడుతూ, గ్రాఫిక్స్ కార్డు వినియోగం ఎంత శాతం ఉందో తెర మీద కనిపించేలా పెట్టుకోవాలి. అది 97, 98 శాతం వద్ద ఉంటే పరిమితి గ్రాఫిక్స్ కార్డుది. ప్రాసెసర్ మార్చినా ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) చెప్పుకోదగినంత పెరగవు. 70 శాతం దగ్గర తచ్చాడుతూ ఉంటే, పైగా రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేములు పెరగకపోతే, అప్పుడు పరిమితి ప్రాసెసర్‌ది. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటి గేములను తక్కువ సెట్టింగుల్లో 240 హెర్ట్జ్ మానిటర్ మీద ఆడేవారికి ప్రాసెసర్ ముఖ్యం. సైబర్‌పంక్ 2077ను 1440 రిజల్యూషన్‌లో రే ట్రేసింగ్ (వెలుగునీడలను సహజంగా లెక్కగట్టే పద్ధతి) వేసుకుని ఆడేవారు అదే డబ్బును గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టడం మేలు.

సగటు ఫ్రేముల కంటే "ఒక శాతం కనిష్ఠం" (అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం) అనే అంకెను గమనించండి. 144 హెర్ట్జ్ మానిటర్‌లో ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం దాదాపు 6.9 మిల్లీసెకన్లు. సగటు ఎంత బాగున్నా, మధ్యమధ్యలో ఒక ఫ్రేము 25 మిల్లీసెకన్లు తీసుకుంటే చేతికి ఆ కుదుపు తెలుస్తుంది. వేడెక్కి వేగం తగ్గించుకునే ప్రాసెసర్‌లో ఈ కుదుపులు ఎక్కువగా కనిపిస్తాయి.

బోర్డు, ర్యామ్, కూలర్ కలిపి లెక్కించాలి

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా మేనల్లుడు 14600కె కొని, దానికి బీ760 మదర్‌బోర్డు తీసుకున్నాడు. షాపులో అడిగితే "అన్నీ అవుతాయి బాబూ" అన్నారట. ఇంటికి తెచ్చి బయోస్ (బోర్డు సెట్టింగుల మెనూ) తెరిస్తే, కోర్ల మల్టిప్లయర్‌ను (వేగాన్ని నిర్ణయించే గుణకాన్ని) పెంచే వీలే లేదు. ఇంటెల్‌లో ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయాలంటే కె అక్షరం ఉన్న ప్రాసెసర్‌తోపాటు జెడ్690 లేదా జెడ్790 చిప్‌సెట్ (బోర్డు ఏమేం చేయగలదో నిర్ణయించే చిప్) ఉన్న బోర్డు ఉండాలి. బీ760లో ర్యామ్ వేగాన్ని పెంచుకోవచ్చు కాని, కోర్ల వేగాన్ని పెంచలేం. పెట్టె తెరిచిన బోర్డును షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఓవర్‌క్లాకింగ్ కోసమే కె రకానికి పెట్టిన ఆ అదనపు డబ్బు అలా వృథాగా పోయింది. ఆ పిల్లవాడి ముఖం చూసినప్పుడు కలిగిన బాధే ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం.

ఏఎండీ వైపు ఈ ఇబ్బంది తక్కువ. బీ650, బీ850, ఎక్స్670 బోర్డులన్నింటిలోనూ ఓవర్‌క్లాకింగ్‌కు వీలుంటుంది. ఏ620, బీ840 చిప్‌సెట్లలో మాత్రం ఆ వీలు లేదు. పేరులో ఒక్క అక్షరం, ఒక్క అంకె తేడాతో బోర్డు స్వభావమే మారిపోతుంది కనుక గవర్నర్‌పేటలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా డబ్బు కట్టే ముందు చిప్‌సెట్ పేరును బిల్లు మీద అక్షరం అక్షరం చదవండి.

కాబట్టి ప్రాసెసర్ ధరలను మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తప్పుతుంది. కాగితం మీద రెండు వరసలు గీసి, ఒక్కోదాని కింద ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, కూలర్ నాలుగింటి ధరలూ రాసి కూడండి. జెడ్790 బోర్డు, 181 వాట్ల వేడిని తట్టుకునే కూలర్ అవసరమైన 14600కె వరస సాధారణంగా బరువవుతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది: మీ పాత కంప్యూటర్‌లో మంచి 32 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఉంటే, డీడీఆర్4 రకం జెడ్690 లేదా జెడ్790 బోర్డు తీసుకుని దాన్నే వాడుకోవచ్చు. అప్పుడు తక్కెడ 14600కె వైపు మొగ్గవచ్చు.

షాపులో ఇంకొక రెండు విషయాలు చూసుకోవాలి. సీలు వేసిన పెట్టెతో వచ్చే ప్రాసెసర్‌నే తీసుకోండి. పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్లకు సాధారణంగా కంపెనీ నేరుగా వారంటీ ఇవ్వదు. ఈ రెండు సాకెట్లలోనూ పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. కౌంటరు దగ్గరే మూత తీయించి, ఫోన్ టార్చి వెలుగులో ఏటవాలుగా చూస్తే వంగిన పిన్ను మిగతా వరస నుంచి విడిగా మెరుస్తుంది. ఇంటికి వచ్చాక కనిపిస్తే అది ఎవరి వల్ల వంగిందో తేల్చడం కష్టం.

ఎక్కువ వాట్లు, ఎక్కువ డిగ్రీలు: రెండూ ఒకటి కావు

7600ఎక్స్ తక్కువ విద్యుత్తు తీసుకుంటున్నా, పూర్తి పని ఇచ్చినప్పుడు సులువుగా 95 డిగ్రీలకు చేరుతుంది. ఇది చూసి చాలామంది బెదిరిపోతారు. దాని కోర్లన్నీ 5 నానోమీటర్ల పద్ధతిలో తయారైన దాదాపు 71 చదరపు మిల్లీమీటర్ల చిన్న సిలికాన్ ముక్కలో ఇరుకుగా ఉంటాయి. పైగా పాత ఏఎం4 కూలర్లు సరిపోవాలన్న ఉద్దేశంతో దాని పై లోహపు పలకను మందంగా చేశారు. చిన్న చోటు నుంచి మందమైన పలక గుండా వేడి బయటికి రావడం ఆలస్యమవుతుంది. 95 డిగ్రీల వద్ద ఎంతసేపు నడిచినా హాని లేదని ఏఎండీ చెప్పింది. ఆ హద్దు తాకగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. 14600కెకు హద్దు 100 డిగ్రీలు. దాని ముక్క పెద్దది కనుక వేడి కొంత విస్తరిస్తుంది కాని, మొత్తం వేడి ఎక్కువ.

గదిని వేడెక్కించేవి వాట్లే. గేము ఆడేటప్పుడు ఇవి రెండూ గరిష్ఠ పరిమితి దాకా వెళ్లవు కాని, వీడియో రెండర్ చేసేటప్పుడు వెళతాయి. ఒక ప్రాసెసర్ రెండవదాని కంటే 60 వాట్లు ఎక్కువ తీసుకుంటుందనుకుంటే, రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 7.2 యూనిట్లు. కరెంటు బిల్లులో అది పెద్ద మొత్తం కాదు. అయితే ఆ వేడంతా మీ గదిలోనే ఉండిపోతుంది, ఏసీ ఉంటే దాన్ని బయటికి పంపే పని దాని మీద పడుతుంది.

ముందు ముందు ఏమవుతుంది

ఎల్‌జీఏ1700 సాకెట్‌కు 14వ తరమే చివరిది. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ ప్రాసెసర్లకు ఇంటెల్ ఎల్‌జీఏ1851 అనే కొత్త సాకెట్ తెచ్చింది. ఏఎం5ను 2027 వరకు, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఈ రోజు 7600ఎక్స్ పెట్టిన బోర్డులోనే, బయోస్ అప్‌డేట్ చేసి, రేపు 7800ఎక్స్3డీ గాని, 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీ గాని పెట్టుకోవచ్చు. గేముల్లో ఈ ఎక్స్3డీ రకాలు (అదనపు క్యాష్ ఉన్నవి) మనం పోలుస్తున్న రెండింటికంటే స్పష్టంగా ముందున్నాయి. మూడు నాలుగేళ్లకొకసారి కొద్దికొద్దిగా మార్చుకునే మధ్యతరగతి ఇంటికి ఇది చాలా పెద్ద సౌకర్యం.

విశ్వసనీయత విషయంలో రెండు కంపెనీల చరిత్రనూ తెలుసుకోవాలి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజీ అధికంగా కోరడం వల్ల కాలక్రమేణా చిప్ దెబ్బతిని గేములు క్రాష్ అయ్యే సమస్య 2024లో బయటపడింది. ఇంటెల్ ఆగస్టులో 0ఎక్స్129, ఆ తరువాత 0ఎక్స్12బీ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు ఇచ్చి, ప్రభావితమైన ప్రాసెసర్ల వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అటు ఏఎం5లో 2023లో ఎస్ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో కోర్లు కాని భాగాలకు అందేది) మితిమీరి కొన్ని ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోవడంతో, దాన్ని 1.3 వోల్టులకు పరిమితం చేస్తూ బయోస్ సవరణలు వచ్చాయి. ఏది కొన్నా మొదటి రోజే కొత్త బయోస్ వేయడం తప్పనిసరి.

నా నిర్ణయం ఇది. ప్రధానంగా గేములే ఆడేవారు, ఏసీ లేని గదిలో ఆడేవారు, ముందు ముందు ప్రాసెసర్ మాత్రమే మార్చుకోవాలనుకునేవారు 7600ఎక్స్‌ను బీ650 బోర్డుతో తీసుకోవాలి. గేములతోపాటు యూట్యూబ్ వీడియోలు, పెళ్లి వీడియోల ఎడిటింగ్ వంటివి జీవనోపాధిగా చేసేవారు, లేదా మంచి డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉన్నవారు 14600కె తీసుకోవచ్చు.

కొన్నాక చేయవలసిన పని

7600ఎక్స్‌తో మొదలుపెడదాం. బయోస్‌లో ర్యామ్‌కు ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌ను దాని ప్రకటిత వేగంతో నడిపే సెట్టింగు) ఎంచుకోవాలి. ఈ ప్రాసెసర్‌కు డీడీఆర్5-6000 ర్యామ్ చక్కగా నప్పుతుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ర్యామ్‌ను సరిచూసుకోవడానికి బోర్డు కొన్ని నిమిషాలు నల్ల తెరతో ఉండిపోవచ్చు. బోర్డు మీద ర్యామ్ పేరున్న చిన్న దీపం వెలుగుతూ ఉంటుంది. కంగారుపడి కరెంటు తీయకండి. తరువాత ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ మెనూలోకి వెళ్లి 65 వాట్ల ఎకో మోడ్ పెడితే, సాకెట్ పరిమితి 142 నుంచి 88 వాట్లకు దిగుతుంది. గేముల్లో దీనివల్ల కోల్పోయేది చాలా తక్కువ. అదే మెనూలో కర్వ్ ఆప్టిమైజర్‌ను అన్ని కోర్లకూ నెగటివ్ 10 దగ్గర పెట్టి, బాగుంటే 15కు, ఆపైన 20కి వెళ్లండి. ఒక్కో అంకె 3 నుంచి 5 మిల్లీవోల్టుల తగ్గింపుతో సమానం.

14600కెలో ముందుగా ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగులు ఎంచుకోవాలి. చాలా బోర్డులు తమంతట తాము విద్యుత్ పరిమితిని ఎత్తివేసేవి. తరువాత దీర్ఘకాల, స్వల్పకాల పరిమితులు రెండింటినీ 125 వాట్లకు తెచ్చి, కోర్ వోల్టేజీని 0.025 వోల్టుల చొప్పున మెల్లగా తగ్గిస్తూ పరీక్షించాలి. అడుగడుగునా సినీబెంచ్ (ప్రాసెసర్ వేగాన్ని కొలిచే ప్రోగ్రామ్) స్కోరును రాసుకోండి. వోల్టేజీ తగ్గించాక స్కోరు కూడా పడిపోయిందంటే ప్రాసెసర్ లోపల తనను తాను అదుపు చేసుకుంటోందని అర్థం. ఒక అడుగు వెనక్కి రండి.

పరీక్ష దగ్గరే చాలామంది తొందరపడతారు. సినీబెంచ్ అరగంట నిలిచిందని సరిపెట్టుకోకూడదు. వోల్టేజీ తగ్గించిన ప్రాసెసర్ పూర్తి పనిలో బాగానే ఉండి, పనేమీ లేకుండా ఒకే కోరు గరిష్ఠ వేగానికి ఎగిరిన క్షణంలో పడిపోతుంది. నా కంప్యూటర్‌లో నెగటివ్ 25 దగ్గర గేములన్నీ రెండు రోజులు చక్కగా నడిచాయి. మూడవ రోజు బ్రౌజర్‌లో వార్తలు చదువుతుండగా చప్పుడు లేకుండా రీస్టార్ట్ అయింది. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే వియా (WHEA) పేరుతో హార్డ్‌వేర్ లోపం నమోదై ఉంది. 15కు తగ్గించాక మళ్లీ రాలేదు. అందువల్ల ఓసీసీటీ వంటి పరీక్షతోపాటు, కోర్లను ఒక్కొక్కటిగా పరీక్షించే కోర్‌సైక్లర్‌ను ఒక రాత్రంతా నడపండి. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో ఉష్ణోగ్రతల గరిష్ఠ వరసను గమనించండి. వోల్టేజీని, వేగాన్ని మార్చడం వల్ల వారంటీ చెల్లకపోవచ్చని రెండు కంపెనీలూ చెబుతున్నాయి కనుక, వోల్టేజీ పెంచే ప్రయోగాలకు దూరంగా ఉండటమే క్షేమం.

బయోస్ అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే బోర్డు మూగబోవచ్చు. యూపీఎస్ లేనిదే ఆ పనికి పూనుకోవద్దు. యూపీఎస్ కొనేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకుంటే నేటి ఎస్‌ఎంపీఎస్‌లతో (కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే పెట్టెలతో) చక్కగా పొసగుతుంది. ఇక మన ఇళ్లలోని కంప్యూటర్ టేబుళ్లకు కింద తలుపున్న అర ఒకటి ఉంటుంది. క్యాబినెట్‌ను అందులో పెట్టి తలుపు మూస్తే, అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. దాన్ని బయటికి తీసి, వెనుక గోడకు జానెడు దూరంలో, నేల మీద కాకుండా చిన్న పీట మీద పెట్టండి. ముందు భాగం జాలీగా ఉన్న క్యాబినెట్ అయితే నెలకొకసారి దుమ్ము వడపోతను కడిగి, ఆరబెట్టి పెట్టాలి.

డిసెంబరులో కట్టించుకున్న కంప్యూటర్‌లో కుదిరిన సెట్టింగులను మే నెలలో మరొకసారి, మధ్యాహ్నం పూట, ఏసీ ఆపి పరీక్షించండి. 37 డిగ్రీల గదిలో, ఎకో మోడ్‌లో, నెగటివ్ 15తో నా 7600ఎక్స్ రెండు గంటల ఆట తరువాత 74 డిగ్రీల దగ్గర నిలిచింది. మీ అంకె 85 దాటితే, కొత్త కూలర్ కోసం వెతికే ముందు క్యాబినెట్ పక్క పలకను ఒకసారి తీసి ఆడి చూడండి. అప్పుడు ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గితే లోపం కూలర్‌ది కాదు, గాలి ఆడకపోవడమే. వెనుక ఒక ఫ్యాను చేర్చితే సరిపోతుంది.